అక్రోట్ జుట్టు కోడిపిల్లలు

మా పెద్దమ్మ పోయింది. ఆమె ఊరు రఘునాథపల్లి నుంచి రైలులో వచ్చిన మనిషి వరంగల్ కాశిబుగ్గలో మా గడప ముందు నిలబడి ఆ మాట చెప్పినప్పుడు నేను మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. దుఃఖం కన్నా ముందు నా చెవుల్లో కోళ్ల అరుపులు మోగాయి. ఏం చేయను, ఆమెను తలుచుకుంటే అలాగే ఉంటుంది. ఆ తరువాతే ఏడ్చాను, కరువుతీరా ఏడ్చాను.

కోడిని కొనేటప్పుడు మీరైనా నేనైనా బరువు చూస్తాం, రంగు చూస్తాం. పెద్దమ్మ మాత్రం తల చూసేది. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, తలను ఎండకు తిప్పి, నెత్తి మీది ఎర్రటి కండ జుట్టును పరీక్షించేది. రంపం పళ్లలా నిలబడితే రంపం జుట్టు. మూడు వరుసలుగా గింజలు అతికించినట్టుంటే బఠాణీ జుట్టు. వెడల్పుగా, చిన్న చిన్న మొటిమలతో పరుచుకుంటే పువ్వు జుట్టు. ఈ పేర్లన్నీ ఆమె పెట్టుకున్నవే. వరంగల్‌కు చీర కొనడానికి వచ్చి, దారిలో ఎవరి గంపలోని కోళ్లనో చూస్తూ నిలబడి, చీర మరిచి రైలెక్కిన మనిషి ఆమె! "ఈకలు ఊడుతయ్ బిడ్డా, రంగు మారుతది. జుట్టు అబద్ధమాడది" అనేది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ జుట్టే ఆమెను దొంగను చేసింది.

పెద్దమ్మ పక్కింట్లో, ఆమెకు వదినె వరసయ్యే మనిషికి కాజీపేట రైల్వే బంగళా నుంచి ఒక పుంజు వచ్చింది. దేశం వదిలిపోతూ అక్కడి తెల్లదొర ఇచ్చిపోయాడట. పువ్వు జుట్టంటే దానిదే! పెద్దమ్మకు నిద్ర పట్టలేదు. తన బఠాణీ జుట్టు పెట్టకు ఆ పుంజును పాలుకు అడిగింది. పుంజు వాళ్లది, పెట్ట మనది, పిల్లలు చెరిసగం. మా వైపు అందరూ చేసేదే.

పిల్లలు పెరిగాయి. పంచుకోవడానికి వచ్చిన వదినె గంప ఎత్తి చూసి మండిపడింది. "పువ్వు లేదు, బఠాణీ లేదు! గివి మా పుంజు పిల్లలు కావు. మంచియన్ని సంతల అమ్ముకొని, యాడియో తెచ్చి నాకు సూపెడ్తానవా వదినె?"

వాడంతా విన్నది. అప్పుడు కొన్నాళ్లుగా నేను పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. నాకు ఒళ్లు మండిపోయి కొట్లాటకు కొంగు బిగించాను. పెద్దమ్మ మాత్రం ఒక పిల్లను పట్టుకుని ఎండలోకి నడిచింది.

"నన్ను దొంగంటే అన్నది గని, గిదేం జుట్టే? నా బతుకుల సూడలే!"

చూశాను. గుండ్రంగా, ముడతలు ముడతలుగా ఉంది. "అక్రోట్ కాయ లెక్కున్నది పెద్దమ్మా. వరంగల్ల ఎండుపండ్ల మేవా దుకాణంల అమ్ముతరు" అన్నాను.

"అక్రోట్!" అని రెండుసార్లు అనుకుని మురిసిపోయింది. చూడండి, పరువు పోతుంటే పేరు దొరికిందని మురిసే మనిషిని ఏమనాలి!

ఆ సాయంత్రమే పెట్టను చంకన పెట్టుకుని వదినె వాకిట్లో దించింది. "పెట్టను నీ ఇంట్లనే ఉంచు. నీ పుంజు తోడనే తిరగనియ్. గుడ్లు నీ గంప కిందనే పొదగాలె. నేను నీ గడప తొక్క."

"అప్పుడు పువ్వు జుట్టే వస్తే?" అంది వదినె.

"వస్తే నేను దొంగనే. సచ్చేదాంక అట్లనే పిలువు."

రెండిళ్ల మధ్య మాటలు బందయ్యాయి. బావి దగ్గర ఆడవాళ్లు పెద్దమ్మను చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఆమె గోడ పక్కన నిలబడి అవతలి పిల్లల కిచకిచలు వినేది కానీ, ఇచ్చిన మాటకు కట్టుబడి ఒక్కసారైనా తొంగి చూడలేదు. "భయమైతాందా పెద్దమ్మా?" అంటే, "భయమెందుకే? సూడకుండ ఉండుడే కష్టమైతాంది!" అంది.

ఒక పొద్దున గోడ అవతల నుంచి కేక. "వదినే! ఉరికి రా! జల్ది రా!"

పెద్దమ్మ పిండి చేతులతోనే ఉరికింది, నేను ఆమె వెనకాల. వదినె గంప ఎత్తి పట్టుకుని నిలబడింది. ప్రతి పిల్ల నెత్తిమీదా అవే గుండ్రటి ముడతలు. ఒక్కదానికీ పువ్వు లేదు, బఠాణీ లేదు!

"నిన్ను దొంగన్న నోరిది వదినె, పురుగులు పడ..." అంటూ వదినె ఏడుపందుకుంది.

పెద్దమ్మ వింటేగా! ఒక పిల్లను ఎండకు ఎత్తి, చిన్నపిల్లలా గెంతుతోంది. "మళ్ల వచ్చింది! పువ్వు, బఠాణీ రెండూ కలిస్తే మూడోది పుడతాందే!" అని నవ్వుతూ, ఆ పిల్లను తెచ్చి వదినె దోసిట్లో పెట్టింది. "ఏడుపు తర్వాత ఏడ్వు. ముందు గిది సూడు."

వదినె కన్నీళ్లు తుడుచుకుని చూసింది. ఆమెకూ నవ్వొచ్చింది. ఎత్తిన గంప దించడం ఇద్దరూ మరిచారు. మిగతా పిల్లలన్నీ వాకిలి దాటి బజారున పడుతున్నాయి. ఆ రెండు తలలు మాత్రం దోసిట్లోని ఒక్క కోడిపిల్ల మీద వంగి, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.