ఒకపక్కే గార

మా పుంగనూరులో మునీశ్వరి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. పండ్లక్క ఇల్లు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యిపట్టుకుని తీసుకుపోతారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె మామిడిపండ్లు అమ్ముతుందనుకుంటారు. ఒకాయన సంచీ పట్టుకుని మరీ వచ్చాడు. ఆమె అమ్మేది ఏమీ లేదు. మదనపల్లెలో ఒక పండ్ల డాక్టరు దగ్గర ఇరవై ఆరేళ్ళుగా ఆయా. పొద్దున ఏడుంపావు బస్సుకు పోతుంది, సాయంత్రం ఆరున్నరకు దిగుతుంది.

నేల తుడవడం, పనిముట్లు కడిగి ఉడికించడం ఆమె ఉద్యోగం. ఎవరూ చెప్పకుండా ఆమె చేసే పని ఇంకొకటుంది. కుర్చీలో కూర్చుని వణుకుతున్నవాళ్ళ తలకాయ రెండు చేతులతో పట్టుకుని, "నోరు తెరువప్పా, ఏం కాదు" అంటుంది. ఎంత మొండిఘటమైనా తెరవాల్సిందే. నేనూ తెరిచాను. అంతకు రెండు నిమిషాల ముందు డాక్టరు మీద గొంతు చించుకుని అరిచినవాడిని.

నా పేరు విల్సన్. బజారులో జిరాక్సు అంగడి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇందిర రోజుకు రెండుసార్లయినా అంటుంది, పెళ్ళాం కాబట్టి ఆ మాత్రం హక్కు ఉంది. నా కోపాన్ని చల్లార్చగలిగేది ఇంట్లో ఒక్కడే, మా సిపాయి. ఆరేళ్ళ నాటు కుక్క. నేను అరుస్తుంటే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటాడు. ఇంక ఎవడి మీద అరుస్తాం?

మా ఇంట్లో రాబడిలో దశమభాగం దేవునికి తీసిపెట్టడం మా నాయన కాలం నుంచీ ఉంది. నేను దాన్ని మటన్ కూరకు కూడా పెట్టాను. ఆదివారం ఆరాధన నుంచి రాగానే చట్టిలోంచి అన్నిటికంటే పెద్ద నల్లి బొమికను ఏరి, "ఇది సిపాయి దశమభాగం" అని వాడి ముందు వేసేవాడిని. మూలుగ నేను జుర్రుకోకుండా వాడికి ఇవ్వడం పెద్ద త్యాగమని నా నమ్మకం. వాడు పటపటా కొరుకుతుంటే వీధి చివరికి వినబడేది. నాకు గర్వంగా ఉండేది.

పోయిన ఎండాకాలం సిపాయికి కుడికంటి కింద చిన్న వాపు వచ్చింది. పురుగు కుట్టిందనుకున్నాను. ఎవరినీ అడగకుండా చుక్కల మందు తెచ్చి కంట్లో వేశాను. వాపు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇట్లా నాలుగు నెలలు గడిపాను. తర్వాత ఒక వారం వాడు అన్నం ముట్టలేదు. నోట్లోంచి జొల్లు తీగలు తీగలుగా కారింది. మొహం దగ్గర చెయ్యి పెట్టబోతే, ఎన్నడూ లేనిది, నా మీదికే పళ్ళు బిగించి గుర్రుమన్నాడు.

ఆ సాయంత్రం మా గేటు ముందర పదిమంది చేరారు. ఎదురింటి ముద్దుకృష్ణ టమాటా మండీకి సరుకు తోలే మనిషి, మంచివాడే. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి.

"అన్నా, దానికి పిచ్చి పట్టుండాది. నా బిడ్డలు ఈడే ఆడుకుంటారు. రేపు సాయంత్రంలోపల నువ్వు ఏదో ఒకటి చెయ్యి. లేదంటే మేమే చేస్తాం."

పిచ్చి రాకుండా ఏటా సూది వేయించిన కార్డు తెచ్చి చూపించాను. ఎవరూ చూడలేదు. నేను అరిచాను, నాకంటే గట్టిగా వాళ్ళు అరిచారు. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. ఏడుపు వస్తుంటే అది కోపంలాగా కనబడాలని ఇంకా అరిచాను. సిపాయి గొలుసుతో జామచెట్టుకు కట్టేసి ఉన్నాడు, నోరు తెరిచి రొప్పుతున్నాడు.

సరిగ్గా అప్పుడు మునీశ్వరి బస్సు దిగి, టిఫిన్ క్యారియర్ సంచీతో వచ్చింది. జనాన్ని తప్పించుకుని గేటు దగ్గర నిలబడింది. లోపలికి పోలేదు, చెయ్యి పెట్టలేదు. ఊరికే వాడి నోటివైపు చూసింది. ఇటుపక్క నుంచి కాసేపు, అటుపక్క నుంచి కాసేపు.

"అప్పా, ఒకపక్కే గార కట్టుండాది" అంది.

"ఏందక్కా?"

"ఈ పక్క పండ్లు సూడు, తెల్లగా ఉండాయి. ఆ పక్క సూడు, ఇంత మందాన పచ్చగా ఉండాది. నొప్పుండే పక్క ఎవురూ నమలరు. నమలని పక్క గార కడతాది. మనిషైనా అంతే."

ముద్దుకృష్ణ నవ్వాడు. "పండ్లక్కా, నువ్వు కుక్కల డాక్టరువి ఎప్పుడైతివి?"

"నేను యాడ డాక్టర్నప్పా? పిచ్చి లేదని నేను సెప్పలేను. పన్ను సెడిందని సెప్పగలను. అది నిన్న మొన్న కట్టిన గార కాదు, నెలలనాటిది. పిచ్చి నెలల తరబడి ఉంటాదా? కంటి కింద వాపు గూడా పన్నుదే అనిపిస్తాండాది. ఒక్క దినం టైమియ్యి. కుప్పంలో కుక్కల డాక్టరమ్మ ఉండాది, నాకు తెలుసు."

ఆ గొంతులో అరుపు లేదు. ముద్దుకృష్ణ తల గోక్కున్నాడు. చివరికి ఏమన్నాడో తెలుసా? "నా బండిలోనే పోదాం పా. నా కండ్లతో నేను సూడాల."

మర్నాడు పొద్దున టమాటా క్రేట్లు దించేసి, సిపాయిని బండి వెనక తొట్టిలో ఎక్కించి కట్టి బయలుదేరాం. మునీశ్వరి సెలవు పెట్టింది. పలమనేరులో ఆగి ఇడ్లీలు తిన్నాం. ఆమె మెత్తటి ఇడ్లీని కూడా ఎడమ బుగ్గలోనే పెట్టుకుని నమలడం చూశాను. చూశానే గానీ నా బుర్రకు ఎక్కలేదు. వెంకటగిరికోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండైంది.

డాక్టరమ్మ స్నేహ చిన్నపిల్ల. మునీశ్వరిని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. చదువుకునే రోజుల్లో జ్ఞానదంతం తీయించుకోవడానికి మదనపల్లెకు పోయిందట. భయంతో కుర్చీ దిగి పారిపోబోతే, ఈమె తల పట్టుకుని "నోరు తెరువమ్మా, ఏం కాదు" అందట.

"ఇప్పటికీ ఏ కుక్క నోరు తెరవాలన్నా మీ మాటే చెప్తానమ్మా" అంది స్నేహ. సూది కార్డు మాత్రం రెండుసార్లు తిప్పి చూసింది. జొల్లు కార్చే కుక్క దగ్గరికి ఎవరూ పోకూడదని మమ్మల్ని గట్టిగానే కోప్పడింది. తర్వాత మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, మమ్మల్ని లోపలికి పిలిచింది.

పై దవడలో అన్నిటికంటే పెద్ద పన్ను నిలువునా చీలి, ఒక పెచ్చు ఊడి ఉంది. వేరు దాకా చీము. ఆ వేరు సరిగ్గా కంటి కిందికే వస్తుందట. నేను నాలుగు నెలలు చుక్కలు వేసింది పన్నుకు!

"పిచ్చి లక్షణాలు ఏమీ లేవు. ఇదంతా నొప్పి. వీడికి ఏం పెడతాండారు సార్?"

"నల్లి బొమిక."

"ఎప్పుడెప్పుడు?"

"ఆదివారం ఆదివారం. దశమభాగం" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గేసింది.

ఆమె నవ్వలేదు. నల్లి బొమిక కుక్క పంటికంటే గట్టిదని, ఉడికించినదైతే ముక్కలై పేగుల్లో కూడా గుచ్చుకుంటుందని చెప్పింది. "ఏది పెట్టేముందైనా బొటనవేలి గోటితో నొక్కండి సార్. గంటు పడకపోతే అది కుక్కకు పెట్టొద్దు. మెత్తటి గుడ్డతో, కుక్కల పేస్టుతో రోజూ పళ్ళు తోమండి. మనుషుల పేస్టు వద్దు."

ఆ పన్ను తీసేశారు. మూడో రోజుకు సిపాయి మెత్తగా కలిపిన అన్నం గిన్నె నాకి నాకి మెరిపించాడు. మొదట చూసి కేకేసింది ముద్దుకృష్ణ పిల్లలే. ఆ రాత్రి వాడు మళ్ళీ నా పాదం మీద గడ్డం పెట్టాడు. నేను ఇందిర ముందే ఏడ్చాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. రోగాలు నయమైనవాళ్ళు, ఉద్యోగాలు వచ్చినవాళ్ళు చెప్పే చోట కుక్క పన్ను గురించి చెప్పాను. కొందరు నవ్వారు, నవ్వనీ. మునీశ్వరి పేరు చెప్పి దేవునికి వందనాలు అన్నాను. ఆమె మా చర్చి మనిషి కాదు, గంగమ్మ గుడికి పోయే మనిషి. దేవునికి తెలియదా ఏం?

సాయంత్రం నాకు తోమడం నేర్పడానికి ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి చెబితే మునీశ్వరి పడీపడీ నవ్వింది. ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి, ఆ రోజు చేతిలో సిపాయి పళ్ళు తోమే గుడ్డ ఉంది. నోరు కనబడింది. ఎడమపక్క తెల్లగా ఉంది. కుడిపక్క ఇంత మందాన గార. పలమనేరు ఇడ్లీ అప్పుడు నా బుర్రకు ఎక్కింది.

"అక్కా, నువ్వు ఏ పక్క నమలతాండావు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. గుడ్డ మడిచి పక్కన పెట్టి, "మూడేండ్లయిందప్పా" అంది. "డాక్టరుకు సెప్పలేదు. ఇరవై ఆరేండ్లుగా అన్నీ సూస్తాండా గదా. సూసినోళ్ళకే భయం జాస్తి."

సోమవారం అంగడి మూసి, నేనూ ఇందిరా ఆమెతో పాటు ఏడుంపావు బస్సు ఎక్కాం. డాక్టరు ఆశ్చర్యపోయి, వెంటనే కుర్చీ చూపించాడు. తాను రోజూ తుడిచే కుర్చీలో మునీశ్వరి మొదటిసారి కూర్చుంది. పక్కన నిలబడ్డ ఇందిర చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. పెదాలు బిగించేసింది. డాక్టరు చిన్న అద్దం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తల పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు, పట్టుకునే మనిషే కుర్చీలో ఉంది.

నేను వెనక్కి పోయి, ఆమె తలను రెండు చేతులతో పట్టుకున్నాను.

"నోరు తెరువక్కా" అన్నాను. "ఏం కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే నోరు తెరుచుకుంది.