భుజం మీద నాలుగు వేళ్ళు

అది 2022 వానాకాలం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక వరండాయే నా కార్ఖానా. కార్ఖానా అంటే ఒక స్టూలు, ఒక బల్బు, బల్లకి బిగించిన ఒక స్క్రోల్ సా. తల వెంట్రుకకి పెద్దన్నయ్యలాంటి సన్న బ్లేడు నిలువుగా పైకీ కిందకీ ఆడే కరెంటు రంపం అది. బ్లేడు ఉన్నచోటే ఉంటుంది, చెక్కనే మనం తిప్పుకోవాలి. ప్లైవుడ్ మీద ఫోటోలు అతికించి, దాని మీద కోసి, జిగ్‌సా పజిళ్ళు చేయడం నా వృత్తి. మా ఆయన గూడ్సు రైలు నడుపుతాడు. ఇద్దరిలో ఎవరి మోత ఎక్కువో కాలనీ అంతా తెలుసు. నేను రంపం ఆపేస్తే పక్క క్వార్టర్లో నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

"ఫోటో ముక్కలు చెయ్యడమే కదా, లేజర్ మిషన్‌లో పెడితే చిటికెలో అయిపోతుంది" అనే పెద్దమనుషులు తరచూ తగులుతుంటారు. వాళ్ళ కోసం ఒక చూపు ప్రత్యేకంగా పదునుపెట్టి ఉంచుకున్నాను. మిషన్‌కి ముక్కూ మొహం తెలియదు, అందరినీ ఒకే గళ్ళలో కోసి పారేస్తుంది. మన తెలుగువాళ్ళకి మనిషి మొహం మీదుగా కోత పడితే అపశకునం. అందుకని నా బ్లేడు జుట్టు అంచు పట్టుకుని, చెవి చుట్టూ తిరిగి, మెడ పక్కనుంచి దిగుతుంది. బతికున్నవాళ్ళకీ పోయినవాళ్ళకీ అదే మర్యాద. ఒక అల్లుడుగారు మాత్రం అత్తగారి ఫోటో తెచ్చి, "కోత సరిగ్గా నోటి మీదుగా పోనివ్వండి" అన్నాడు. ఆయనకి టీ ఇచ్చాను గానీ పజిల్ ఇవ్వలేదు.

ఆ వానల్లో వచ్చాడు సింహాచలం. రైల్వే ఆఫీసులో ఉద్యోగం. చొక్కా ఇస్త్రీ మడత మీద బెండకాయలు తరుక్కోవచ్చు. మాలాగే తాతల నాడు విజయనగరం వైపునుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళమ్మ అప్పలనర్సమ్మగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి బిగుసుకుపోయింది. చిన్న చిన్న వస్తువులు పట్టి తీయించమని ఫిజియోథెరపీ డాక్టరు చెప్పాడట. శనగలు ఏరమంటే ఆవిడ గిన్నె తోసేసింది. ఏరితే వాళ్ళాయన రిటైరైన నాటి ఫోటో ముక్కలే ఏరతానంది.

ఫోటో చూశాను. ప్లాట్‌ఫారం మీద, రైలు డబ్బా ముందు, దండతో ఆయన. ఆ తరవాత కొన్నాళ్ళకే పోయారు. పక్కన అప్పలనర్సమ్మగారు. ఆవిడ పక్కన కూతురు పైడి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, కెమెరా అదిరేలా నవ్వుతోంది. ఆ చివర సింహాచలం.

"పైడిని వేరే ముక్కగా కోసి తీసెయ్యాలప్పా," అన్నాడు, మా వైపు అక్కని పిలిచే పిలుపుతో. "పెట్టెలో వెయ్యకండి."

"ఎందుకు తమ్ముడూ?"

"మస్తూరీ వాణ్ణి చేసుకుంది. ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు. మాకు ఒక్క మాట చెప్పలేదు. బస్, అంతే, ఆ రోజుతో అయిపోయింది."

"అమ్మ ఏమంటున్నారు?"

"అమ్మ అడుగుతాది. మేం వినం."

మస్తూరీ చంద్రమండలంలో లేదు. బస్సెక్కి కిటికీ సీటు కోసం తగువాడుతుంటే, తగువు తేలకముందే దిగమంటారు. అంత దూరాన్ని ఈ మహానుభావుడు సప్తసముద్రాలు చేశాడు.

"అక్కడ కంత పడుతుంది కదా?"

"వెనక రైలు డబ్బా ఉంది కదండీ. అదే రంగు పూసి ఒక చెక్క దూర్చేయండి."

"మరి అమ్మ భుజం మీద నాలుగు వేళ్ళు మిగుల్తాయి. వాటినేం చెయ్యమంటావు?"

అతను ఫోటో ముక్కుకి ఆనించుకుని చూశాడు. ఇన్నేళ్ళలో ఆ వేళ్ళు అతనికి కనబడనే లేదు.

"వేళ్ళేటప్పా, ఎవరివైతే ఏటి? ఉండనీయండి."

నాకొచ్చిన కోపానికి వరండా రేకు మీద పడుతున్న వాన పడినట్టే ఆవిరైపోయింది. తరిమేసేదాన్నే. కానీ తరిమేస్తే లేజర్ దుకాణానికి పోతాడు, అక్కడ అప్పలనర్సమ్మగారి కనుబొమల మధ్యనుంచి గీత లాగుతారు, పైడి చెత్తబుట్టలో పడుతుంది. పళ్ళు బిగించి "సరే" అన్నాను. ఆ "సరే"కి నా దవడ పన్ను ఇప్పటికీ కదులుతోంది.

మనిషిని పూర్తి ఆకారంతో ఒకే ముక్కగా కోస్తే మా పనిలో దాన్ని ఫిగర్ పీస్ అంటారు. ఫోటో అతికించిన చెక్క కింద రంగు పూసిన ఇంకో చెక్క పెట్టి, టేపుతో బిగించి, రెండూ ఒకేసారి కోస్తే స్టాక్ కటింగ్. అలా కోస్తే అసలు పైడీ, ఆమె స్థానంలోకి వచ్చే రైలు డబ్బా ముక్కా ఒకే కంతలో ఒకేలా పడతాయి. చెక్కని తిప్పుతూ దారి పొడుగునా సింహాచలాన్ని తిట్టాను. రంపం మోతలో ఎవరికీ వినబడవు కాబట్టి హిందీలో, తెలుగులో, మధ్యమధ్య భాషేదో తెలియకుండా కూడా తిట్టాను. అమ్మ భుజం దగ్గరికొచ్చాక మాత్రం నోరు మూసుకున్నాను. నాలుగు వేళ్ళూ ఒక్క ముక్కలో వచ్చేలా, నెమ్మదిగా తిప్పాను. ఒక వేలికి తాబేలు ఉంగరం ఉంది. దాని తోకకి కూడా బ్లేడు తగలనివ్వలేదు. రైలు డబ్బా ముక్కని పెట్టెలో వేసి, పైడిని జేబురుమాల్లో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

పజిల్ అప్పగించేటప్పుడు ఆ ఇంట్లోవాళ్ళ చేత ఒకసారి మొత్తం పేర్పించి, ముక్కలన్నీ ఉన్నాయని చూపించి రావడం నా పద్ధతి. అప్పలనర్సమ్మగారి మంచం ముందు బల్ల వేశాం. బిగుసుకున్న చేతికి చిక్కాలని ముక్కలు కొన్నే, పెద్దవిగా కోశాను. ఆవిడ ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, వేళ్ళకి ముక్క అందించి, గసపోసుకుంటూ, ఒక్కొక్కటే పెట్టింది. సింహాచలం గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

ఆయన దండ పూర్తయింది. ఆవిడ చీర పూర్తయింది. భుజం ముక్క చేతికొచ్చింది. ఆవిడ ఆగిపోయింది.

"ఇది పైడి చెయ్యి," అంది. "తాబేలుంగరం సూడు. శ్రీకూర్మంలో నాను కొన్నాను."

"పెట్టండమ్మా," అన్నాను.

పెట్టింది. తరవాత రైలు డబ్బా ముక్క తీసి అటూ ఇటూ తిప్పింది. అంచుల్లో పైడి జడ, పైడి నడుము, మోచెయ్యి, అన్నీ ఉన్నాయి. పైడి మాత్రం లేదు.

"ఓలమ్మీ, ఇదేటే? డబ్బాకి జడేటి?"

నేను సింహాచలం వైపు చూశాను. అతను ఫ్యాన్ వైపు చూశాడు.

"ఒరే, నా గుంటేదిరా? నా పైడేదిరా?"

"అమ్మా, అదీ…"

మాట పూర్తి కాలేదు. ఆవిడ ఆ ముక్కని విసిరింది. కుడి చేత్తో! నెలల తరబడి గ్లాసు ఎత్తని చేత్తో. అది సింహాచలం చెవి పక్కనుంచి, కిటికీలోంచి, కాలనీ గోడ మీదుగా ఎగిరి రతన్‌పూర్ వైపు పోయింది. ఇప్పటికీ ఎక్కడా దిగిన సమాచారం లేదు. అక్కడే డాక్టరు ఉంటే చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాడు.

నేను సంచిలోంచి జేబురుమాలు తీసి, విప్పి, పైడిని బల్ల మీద పెట్టాను.

"అప్పా! మీకు నేను చెప్పిందేటి?" అని అరిచాడు సింహాచలం.

"తియ్యమన్నావు, తీశాను. పెట్టెలో వెయ్యొద్దన్నావు, వెయ్యలేదు. సంచిలో వేశాను. సంచి సంగతి నువ్వు చెప్పలేదు."

అప్పలనర్సమ్మగారు పైడిని చేతిలోకి తీసుకుని కంత దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"నాను ఎట్టను," అంది. "అదొచ్చి ఎట్టుకోవాల. అందాకా కంత అలాగే ఉంటాది. సూసినోళ్ళందరూ సూడనీ."

బల్ల తియ్యనివ్వలేదు. ముక్కని గుప్పిట్లోంచి వదల్లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ బల్ల మీదికి వంగి, "ఈ చెయ్యి ఎవరిది?" అని అడిగేవారట. కాలనీలో మా తెలుగువాళ్ళు అడగడం మొదలుపెడితే సీబీఐ వాళ్ళు వచ్చి పాఠం నేర్చుకోవాలి. సింహాచలం చొక్కా మడతలు రోజురోజుకీ మెత్తబడ్డాయి. ఒక ఆదివారం జోరువానలో మస్తూరీ బస్సెక్కాడు.

సాయంత్రం ఫోను. "అప్పా, పైడి వచ్చింది. ముక్క దూరడం లేదు. అమ్మ మిమ్మల్ని రమ్మంటోంది."

వెళ్ళాను. పైడి మంచం మీద అమ్మని ఆనుకుని కూచుంది, ఇద్దరి కళ్ళూ ఉబ్బిపోయి ఉన్నాయి. ఆమె భర్త కుర్చీ చివర, కుర్చీకి బరువు తెలియకూడదన్నట్టు కూచున్నాడు.

"నహీ ఘుస్ రహా దీదీ," అంది పైడి నాతో. అంతలోనే అమ్మ వైపు చూసి తెలుగులోకి దిగింది. "ఎంత నొక్కినా దూరట్లేదు."

దూరదు మరి. బ్లేడు తినేసే చెక్క మందాన్ని మేం కెర్ఫ్ అంటాం. ముక్కకీ ముక్కకీ మధ్య ఉండే సందు అంతే, దారం పట్టేంత. అన్నాళ్ళు అమ్మ చెమట గుప్పిట్లో, బయట వాన చెమ్మలో ఉండి, పైడి అంచుల దగ్గర ఉబ్బింది. ఎక్కడో ఒకచోట శాండ్‌పేపర్‌తో గీకాలి. పైడిని గీకితే చెంప అంచు పోతుంది. అమ్మ వైపు గీకితే వేళ్ళు పోతాయి.

అదే చెప్పాను. అప్పలనర్సమ్మగారు బల్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఏళ్ళ జోలికి రాకు," అంది.

ఫోటోలో పైడికి రెండో పక్కన ఉన్నది ఎవరో అందరికీ కనబడుతూనే ఉంది.

"నా వైపు గీకండప్పా," అన్నాడు సింహాచలం.

గీకాను. పైడి నొక్కితే టక్కుమని కూచుంది.

ఇప్పటికీ ఫోటోలోంచి ఒకరిని తీసెయ్యమని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను లేజర్ గురించి మాట్లాడను, శకునం గురించి మాట్లాడను. పక్కనున్న మనిషి మీద వేలు పెట్టి, "రేపు మళ్ళీ పెట్టాలంటే చెక్క వీళ్ళదే పోతుంది, అడిగి రండి" అంటాను. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఆ పజిల్ ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉంది. జాగ్రత్తగా చూస్తే సింహాచలం ఒక భుజం కొంచెం సన్నగా కనిపిస్తుంది. అవసరమైనదానికన్నా ఎక్కువే గీకాను. నా కోపం అప్పటికింకా తగ్గలేదు.