తిట్ల డాక్టరు

ఆ వీధిలో అందరూ ఆయన్ని తిట్ల డాక్టరు అంటారు. ఆయన చేత తిట్లు తింటే సగం రోగం తగ్గినట్టేనని పేరు. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, పెన్నుతో బల్లమీద టకటకా కొట్టాడంటే ఎదుటి రోగి కుర్చీలో సర్దుకుని కూర్చోవాల్సిందే. "మందులు ఎగ్గొట్టి నా దగ్గరికొస్తే నేనేమన్నా మంత్రగాణ్ణా?" అన్నది ఆయన ఊతపదం. గుండెకు స్టెంటు వేయించుకున్న ఒక పెద్దావిడ ఆ మాట అందరికంటే ఎక్కువగా పడింది. రక్తం గడ్డకట్టకుండా ఆయన రాసిన మాత్ర రోజూ వేసుకుంటున్నానని ఒట్టేసి చెప్పినా, నొప్పి మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఆయన నవ్వి కొట్టిపారేశాడు. చివరికి "మీ అత్తగారు మింగారో లేదో నోరు తెరిపించి చూడమ్మా" అని కోడలికి పని అప్పగించాడు.

ఈమధ్య ఆస్పత్రిలో జన్యు పరీక్ష పెట్టారు. ఆవిడకు చేయిస్తే తేలింది: ఆ మాత్రను ఒంట్లో పనిచేయించే జన్యువు ఆవిడకు పుట్టుకతోనే సరిగా లేదు. మింగినవన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ఫలితం వచ్చిన ఉదయం ఆయన పెన్ను ముట్టుకోలేదు. "ఆ మాత్ర మీ ఒంట్లో పనిచేసే రకం కాదమ్మా. నేనే అనవసరంగా..." అంటూ ఆగిపోయాడు. కోడలు తల దించుకుంది.

"అయితే నేను వేసుకున్నట్టేగా బాబూ?" అంది పెద్దావిడ.

"వేసుకున్నారమ్మా."

కొత్త మాత్ర, గ్లాసుడు నీళ్లు ఆయనే చేతికందించాడు. ఆవిడ మింగింది. మింగి, అలవాటు కొద్దీ, ముందు కోడలికి, తర్వాత ఆయనకు నోరు బార్లా తెరిచి చూపించింది.