ఎడమ చెయ్యి లేవని కారు

మా మామయ్యగారికి నూనె మిల్లుంది, కారుంది, కోపముంది. ఈ మూడింటిలో ఏనాడూ రిపేరుకి రాకుండా పనిచేసింది కోపమొక్కటే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను రెడ్డిగూడెం నుంచి తిరువూరుకి కోడలిగా వచ్చిన కొత్తలో, ఆ ఇంట్లో మనుషులకంటే ముందు నాకు పరిచయం చేసింది ఆ కారునే. సీమ నుంచి ఓడలో దిగిన నల్లటి పాత కారు. ఎవరో దొర వాడి, ఆ తర్వాత ఎవరో జమీందారు వాడి, ఇక చాలనుకుని అమ్మేస్తే బెజవాడలో మామయ్యగారు కొన్నారు. దాన్ని నడిపే సాయిబుగారు కూడా కారుతోపాటే వచ్చారు. గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ. సీటు మీద వేసుకోవడానికి ఇంటినుంచి ఒక బొంత దిండు తెచ్చుకున్నారు. వెన్నునొప్పి ఉందని ఎవరికీ చెప్పకుండా ఆ దిండుతోనే నెట్టుకొచ్చేవారు.

ఇప్పటి కార్లకి మలుపు దగ్గర దీపం మిణుకుమంటుంది. ఆ కారుకి అలా కాదు. రెండు తలుపుల మధ్య ఉన్న నిలువు పట్టీలో, అటొకటి ఇటొకటి, జానెడు పొడుగు రేకు చేతులు దాక్కుని ఉండేవి. డ్రైవరు స్విచ్చి తిప్పితే టక్కుమని ఒక చెయ్యి అడ్డంగా పైకి లేచేది, దాని కడుపులో చిన్న దీపం వెలిగేది. ఏ వైపు చెయ్యి లేస్తే కారు ఆ వైపు తిరుగుతుందన్నమాట. తిరువూరు బజారులో ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఎడ్లబండ్లవాళ్ళు అది తమకి పెట్టిన దణ్ణమనుకుని తిరిగి దణ్ణం పెట్టేవారు. మామయ్యగారు వెనకసీట్లో కూర్చుని ఆ దణ్ణాలన్నీ గంభీరంగా అందుకునేవారు.

అలాంటి కారుకి ఒక వర్షాకాలం ఎడమ చెయ్యి లేవడం మానేసింది.

చెయ్యి లేవకపోతే కొంప మునిగేదేమీ లేదు. డ్రైవరు కిటికీలోంచి తన చేత్తో సైగ చేస్తే సరిపోతుంది. కానీ డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమకి తిరగాలంటే కుడిచెయ్యి బయటపెట్టి గాలిలో సున్నాలు చుట్టాలి. సాయిబుగారు అలా చుడుతుంటే బజారులో వాళ్ళు తమని పిలుస్తున్నారనుకుని కారు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. మామయ్యగారికి తల కొట్టేసినట్టయింది.

"కారులో కూర్చున్నానా, పిండి రుబ్బే చోట కూర్చున్నానా?" అని అరిచారు.

సాయిబుగారు వెతకడం మొదలుపెట్టారు. ముందు బ్యాటరీ చూశారు. హారను మోగుతోంది, పెద్ద దీపాలు వెలుగుతున్నాయి, అది బాగానే ఉంది. ఫ్యూజు తీసి గుడ్డతో తుడిచి పెట్టారు. ఆ తర్వాత కుడి చేతికి వెళ్ళే వైరు విప్పి ఎడమ చేతికి తగిలించారు. అయినా చెయ్యి లేవలేదు. ఎడమ వైరు కుడికి తగిలిస్తే మాత్రం కుడి చెయ్యి నిక్షేపంలా లేచింది. అంటే వైర్లలో లోపం లేదు. స్విచ్చి తిప్పినప్పుడల్లా లోపల టక్కుమన్న చప్పుడు కూడా వినిపిస్తోంది. లేవమన్న కబురు దానికి అందుతోంది, అది లేవడం లేదు, అంతే. ఆ ఇంట్లో అలా మొండికేసే ధైర్యం ఇంకెవరికీ లేదని నాకు లోలోపల ముచ్చటేసింది.

మామయ్యగారు మాత్రం మొదటిరోజే తేల్చేశారు, తప్పు సాయిబుగారిదేనని.

"నేను ముట్టుకోలేదు, మా ఆవిడ ముట్టుకోలేదు. పొద్దస్తమానం దాంతో ఉండేది నువ్వు. నువ్వు విరగ్గొట్టక అదెందుకు చెడుతుంది?"

నిజానికి ఆ చేతిని ముట్టుకోనిది ఎవరు? మామయ్యగారికి తమ మిల్లు మంచినూనె మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. గోడ గడియారం ఆగితే మంచినూనె, కుట్టుమిషను కిర్రుమంటే మంచినూనె. ఒంటినొప్పికీ అదే. ఎడమ చెయ్యి కాస్త బద్ధకంగా లేచిన రోజునుంచే చెంచాతో దాని కీలులో నూనె పోస్తూ వచ్చారు. మొండికేశాక ఇంకాస్త ఎక్కువ పోశారు. "మన నూనె ఉండగా మెకానిక్కెందుకు?" అనేవారు.

ఇక అత్తయ్యగారు. కారు వచ్చిన మొదటి శుక్రవారంనుంచి ఆవిడ గడపకి పసుపు రాసి, ఆ చేత్తోనే కారు దగ్గరికి వెళ్ళేవారు. "లక్ష్మి చెయ్యెత్తి దీవిస్తున్నట్టు ఉంటుందే" అని, సాయిబుగారి చేత చెయ్యి లేపించి, దాని నిండా పసుపు మెత్తి కుంకుమబొట్లు పెట్టేవారు. కారుని షెడ్డులో కుడివైపు గోడకి ఆనించి నిలబెట్టేవారు గనక ఆవిడకి అందేది ఎడమ చెయ్యి ఒక్కటే.

ఆ నెలలోనే బెజవాడనుంచి ఒక పెద్ద వ్యాపారి మా మిల్లు చూడ్డానికి వస్తానని కబురంపాడు. ఆయన్ని మన కారులో దగ్గర్లోని నెమలి అనే ఊరు తీసుకెళ్ళి వేణుగోపాలస్వామి దర్శనం చేయించాలని మామయ్యగారి ఏర్పాటు. ఆ పెద్దమనిషికి కూడా కారుందట. దానికి రెండు చేతులూ లేస్తాయట.

"ఆయన వచ్చేలోపు చెయ్యి లేవాలి సాయిబూ. లేవకపోతే ఆయన్నే అడిగి బెజవాడనుంచి ఇంకో డ్రైవర్ని పిలిపించుకుంటా" అన్నారు మామయ్యగారు.

"చిత్తమండి" అన్నారు సాయిబుగారు.

ఆయన ఆ మాట ఎంత మెల్లగా అన్నారో నాకింకా గుర్తుంది. ఊళ్ళో నౌకరీ ఇవ్వడానికి ఇంకో కారు లేదు. లారీలవాళ్ళకి వయసులో ఉన్నవాళ్ళు కావాలి. ఆ నెరిసిన గడ్డానికి, ఆ వెన్నునొప్పికి ఈ కారు తప్ప ఇంకో చోటు లేదు.

బెజవాడ ఆయన రేపు వస్తాడనగా అత్తయ్యగారు నన్ను గడప కడగమన్నారు. కడగడమంటే నీళ్ళతో అయ్యే పని కాదు. వారం వారం రాసిన పసుపు, దీపాలనుంచి ఒలికిన నూనె కలిసి గడప మీద అట్టలు కట్టి రాయిలా బిగిసింది. చాకు పెట్టి గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. సందుల్లో అయితే చాకు కూడా దిగడం లేదు. గీకుతూ గీకుతూ ఆగిపోయాను.

"అత్తయ్యగారూ, కారు చెయ్యి కూడా ఇలాగే బిగుసుకుపోయిందేమోనండి. పసుపూ నూనే కలిసి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఏం మాటలవి? పసుపు రాస్తే చెడిందంటావా? ఆడదానివేనా నువ్వు? ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట ఎందుకు అనకూడదో నాకూ తెలుసు. పసుపుకి దోషం అంటగట్టకూడదు, మిల్లు నూనెకి అంటగట్టకూడదు. ఆ చేతికి తన వంతుగా ఏమీ పుయ్యని మనిషి ఇంట్లో సాయిబుగారొక్కరే. అందుకే తప్పంతా తిన్నగా వెళ్ళి ఆయన మీద కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడలి ఒళ్ళు మండితే ఎవరికి కావాలి? మళ్ళీ గడప గీక్కున్నాను.

మధ్యాహ్నం మామయ్యగారు భోంచేసి పడుకున్నారు. వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. సాయిబుగారు కారంతా తుడిచారు. అద్దాలు మరోసారి తుడిచారు. తర్వాత ముందు తలుపు తీసి, సీటు మీద దిండు తీసి దులిపి, ఒక పాత తువ్వాలులో మూట కట్టుకున్నారు. అత్తయ్యగారు నా పక్కనే నిలబడి చూస్తున్నారని నేను కాసేపటికి గాని గమనించలేదు.

ఆవిడ లాంతరు పక్కనున్న కిరసనాయిలు సీసా తీసుకున్నారు, ఒక చింకిగుడ్డ చింపారు, "రా" అన్నారు.

షెడ్డులో ఆ చెయ్యి దాక్కునే గాడిలోకి కిరసనాయిలు వంపి, గుడ్డకొసలు దూర్చి, ఆవిడ తలపిన్నుతో నేను, గాజుల చేత్తో ఆవిడ, పట్టుపట్టి తుడిచాం. గుడ్డ మీదికి జిగటజిగటగా పసుపు ముద్ద వచ్చింది, మళ్ళీ వచ్చింది, వస్తూనే ఉంది. కుడి చేతికి భక్తీ అందలేదు, నూనే అందలేదు, అది హాయిగా ఉంది. సాయిబుగారు ఆ గుడ్డని చూశారు, మా ముఖాలు చూశారు, నేల చూపులు చూశారు.

"ఇది పసుపు వల్ల కాదు, మీ మామయ్య నూనె వల్ల" అన్నారు ఆవిడ నాతో, గట్టిగా, ఎవరో కాదన్నట్టు. తర్వాత ఆయనవైపు తిరగకుండానే, "స్విచ్చి వెయ్యి సాయిబూ" అన్నారు.

టక్కుమని చెయ్యి లేచింది. లోపల దీపం పచ్చగా వెలిగింది. అత్తయ్యగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిరసనాయిలు ఘాటని కొంగుతో ఒత్తుకున్నారు.

"అయ్యగారితో చెప్పకు" అన్నారు.

"చెప్పనమ్మా" అని సాయిబుగారు మూట విప్పి దిండు మళ్ళీ సీటు మీద వేసుకున్నారు.

మర్నాడు నెమలి ప్రయాణం. మామయ్యగారు, బెజవాడ పెద్దమనిషి, అత్తయ్యగారు వెనక కూర్చున్నారు. ప్రసాదం బుట్టతో నేను ముందు సీట్లో ఇరుక్కున్నాను. బజారు దాటి ఎడమకి తిరిగే చోట చెయ్యి లేచింది.

"చూశారా?" అన్నారు మామయ్యగారు, "మెకానిక్కు లేదు, ఏమీ లేదు. అంతా మా మిల్లు నూనె మహిమ. సాయిబూ, ఇకనుంచి కారుని గోడకి దూరంగా పెట్టు. వారం వారం రెండు చేతులకీ పట్టిస్తా."

అత్తయ్యగారు కిటికీలోంచి పొలాలు చూశారు. సాయిబుగారు "చిత్తమండి" అన్నారు.

తర్వాతి మలుపు కూడా ఎడమకే. రేకు చెయ్యి నిక్షేపంలా లేచింది. సాయిబుగారు తన చెయ్యి కూడా కిటికీలోంచి బయటపెట్టి గాలిలో సున్నాలు చుట్టారు. వెనక వాళ్ళు నువ్వుల ధరల్లో మునిగి ఉన్నారు. నేను మెల్లగా అడిగాను.

"అది లేస్తోందిగా సాయిబుగారూ, ఇంకా మీ చెయ్యెందుకు?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"లేచినన్నాళ్ళూ అది అయ్యగారి నూనెమ్మా. లేవనిరోజున నేను. ఈ చేతికి అలవాటు తప్పకూడదు కదమ్మా."