స్టేక్ హౌస్‌లో సత్యవతి గారి వీడ్కోలు

నరసాపురంలో చేప దొరకని రోజు లేదు. భీమవరంలో రొయ్య తినని ఇల్లు లేదు. అలాంటి చోటు నుంచి నలుగురం ఆడవాళ్ళం రైలెక్కి, మూడున్నర గంటలు ప్రయాణం చేసి, రాజమండ్రిలో తలా ఒక ముక్క తిని వచ్చాం. ఇంకెవరికైనా ఇలాంటి బుద్ధి పుడితే పనికొస్తుందని వివరాలు రాస్తున్నాను.

మాది సీజన్ టికెట్ స్నేహం. రోజూ పొద్దున్నే నరసాపురంలో ఎక్కి భీమవరంలో దిగుతాం, సాయంత్రం అక్కడ ఎక్కి ఇక్కడ దిగుతాం. నేను బీమా ఆఫీసులో గుమస్తాని. గ్రేసమ్మ గారు నర్సు, ఆదివారం లూథరన్ చర్చిలో మొదటి పాట ఆవిడే ఎత్తుకోవాలి. వరలక్ష్మి గారు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తారు, చదివేది మాత్రం ఫోనే. సత్యవతి గారు హైస్కూల్లో లెక్కల టీచరు. పదేళ్ళుగా కిటికీ పక్కన ఆవిడ, ఆవిడ పక్కన నేను. మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. రోజు మొత్తం మీద నేను ఆడే నాలుగు మాటలూ ఆ రైల్లో ఆవిడతోనే.

నెల కిందట ఒక సాయంత్రం వీరవాసరం దాటాక సత్యవతి గారు మెల్లగా చెప్పారు. "నాకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిందండి. ఏజెన్సీ కొండల్లో ఇచ్చారు. వద్దని రాసిస్తే వదులుకోవచ్చట. ఏం చెయ్యమంటారు?"

"అదేం మాటండీ, శుభమా అని వస్తే. వెళ్ళండి," అన్నాం ముగ్గురం ఒక్క గొంతుతో. అందులో నా గొంతే పెద్దది. లోపల గుండెల్లో రాయి పడింది, కానీ ఒకరి ఎదుగుదలకి అడ్డం పడ్డామన్న మాట మనకెందుకు? ఆవిడ "అలాగేనండి" అని కిటికీలోంచి బయటికి చూశారు. పాలకొల్లు వచ్చేసరికి వీడ్కోలు విందు ఖాయమైంది.

ఎక్కడ చెయ్యాలన్నది పెద్ద చర్చ. సత్యవతి గారిని అడిగితే "మీ ఇష్టమండి" అన్నారు. గ్రేసమ్మ గారు "నాకెక్కడైనా ఫర్వాలేదండి" అన్నారు. నేను "మీరెలా అంటే అలాగే" అన్నాను. ఇలా నలుగురం మర్యాదగా ఒకరి మీద ఒకరు తోసుకుంటుండగా వరలక్ష్మి గారి ఫోన్లో ఒక ప్రకటన వచ్చింది. రాజమండ్రిలో కొత్తగా పెట్టిన స్టేక్ హౌస్, పొగలు కక్కుతున్న ఇనప పళ్ళెం. "స్టేక్ అంటే పుల్లకి గుచ్చి కాలుస్తారే, అదేనాండీ?" అని గ్రేసమ్మ గారు అడిగారు. ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక అందరం సరేనన్నాం.

శనివారం మధ్యాహ్నం రెండు గంటల పాసింజరు ఎక్కాం. టికెట్టు సినిమా టికెట్టు కంటే చవక. శనివారం వరలక్ష్మి గారు నీచు ముట్టరన్న సంగతి రైలు కదిలాక ఆవిడకే గుర్తొచ్చింది. మర్నాడు చర్చికి రాలేనని చెప్పడానికి గ్రేసమ్మ గారు పాస్టరు గారికి ఫోన్ చేసి జ్వరమన్నారు. నర్సు కాబట్టి ఎంత జ్వరమో కూడా చెప్పారు. భీమవరం రాగానే ఆవిడే అలవాటుగా సంచీ తీసుకుని తలుపు దాకా వెళ్ళిపోయారు. మేం అరిచి వెనక్కి పిలవాల్సి వచ్చింది.

అత్తిలిలో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నారు. కాళ్ళ దగ్గర రొయ్యపప్పు సంచీ, చేతిలో జంతికల పొట్లం.

"ఎందాకా అమ్మా?" అన్నారు.

"రాజమండ్రి అండి. హోటల్లో భోజనానికి," అన్నాను.

ఆయన మా నలుగురినీ ఎగాదిగా చూశారు. "నరసాపురం నుంచా? ఏం, మీ ఊళ్ళో పొయ్యిలు వెలగట్లేదా?"

ఆ మాట అనేసి జంతికలు మా ముందుకి చాపారు. వద్దన్నాం. మళ్ళీ చాపారు. ఇప్పుడే తిన్నామండి అన్నాం. "తింటే తిన్నార్లెండి, జంతికకి చోటెంత కావాలి?" అని చేతిలో పెట్టేశారు. పొట్లం నిడదవోలుకల్లా ఖాళీ అయింది. మా వైపు ఎవరూ మొదటిసారి సరే అనరు. అంటే ఆబగా ఉన్నామనుకుంటారు. పెట్టేవాళ్ళు కూడా మొదటి వద్దు అనే మాటని చెవిన వేసుకోరు.

అయిదున్నరకి రాజమండ్రిలో దిగి, స్టేషనుకి దగ్గర్లోనే ఒక లాడ్జిలో నాలుగు మంచాల గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూమ్ గొళ్ళెం పడదు, వెళ్ళేవాళ్ళు ఒక మనిషిని కాపలా పెట్టుకోవాలి. ఆరుంబావుకి స్టేక్ హౌస్ చేరితే ఇంకా తియ్యలేదు. ఏడింటికి తీస్తారట. పట్టుచీరలతో ముక్కాలు గంట ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. ఎదురుగా బజ్జీల బండి మీద మిరపకాయలు నూనెలో పడుతున్నాయి. వెళ్ళబోయేది స్టేక్ హౌస్ కదా, బజ్జీ తింటే పరువు పోతుందని మేం ఆ వైపు చూడలేదు.

లోపల చీకటి, చలి. గోడ మీద నిలువెత్తు ఎద్దు బొమ్మ. దాని ఒంటి మీద గీతలు గీసి, ఏ ముక్క ఎక్కడిదో అంకెలు వేసి ఉంది. మెనూ కార్డు పంచాంగమంత లావుంది, అర్థం కావడంలో కూడా అంతే. మీసాలు, నల్ల టై ఉన్న ఒకాయన వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. "ఏ ఊరండీ మీది?" అని గ్రేసమ్మ గారు అడిగితే, "కోరుకొండ దగ్గరండి" అని ఒక్క నిమిషం మనిషయ్యారు. అంతలో మేనేజరు ఇటు చూశారు. ఆయన మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు.

"ఆ బొమ్మలోది ఉంటుందాండీ?" అని గ్రేసమ్మ గారు గొంతు తగ్గించి అడిగారు.

"బొమ్మ వరకేనండి. ఫ్యామిలీలు వస్తారు కదా. చికెన్, ఫిష్, పనీర్ ఉన్నాయి."

గోడ మీద ఎద్దు, పళ్ళెంలో కోడి. వరలక్ష్మి గారు శనివారం కాబట్టి పనీర్ అన్నారు. "మీడియమా మేడమ్, వెల్ డనా?" అని అడిగారాయన. "పనీరు కూడా పచ్చిగా పెడతారా ఏంటండీ?" అని ఆవిడ కంగారుపడ్డారు. గ్రేసమ్మ గారు, సత్యవతి గారు చికెన్ అన్నారు. నేను చేప చెప్పాను. పండుగప్ప వచ్చింది. మధ్యాహ్నం మా ఊళ్ళో వదిలేసి వచ్చిన చేపే ఐసులో కూర్చుని నాకంటే ముందు రాజమండ్రి చేరిందన్నమాట. మా వైపు పులుసులో దర్జాగా బతికే చేప అక్కడ మూడు బీన్సు కాయల మధ్య దిక్కులేని దానిలా పడి ఉంది. పళ్ళెం మాత్రం చుయ్యిమని మోగుతూ వచ్చింది. ఆ పొగకి సత్యవతి గారు దగ్గారు.

తినే ముందు ఉపన్యాసం నా నెత్తిన పడింది. లేచి నిలబడ్డాను. ఆవిడ మొహం చూడలేక ఎద్దు బొమ్మని చూస్తూ, "సత్యవతి గారు వెళ్ళిపోతున్నందుకు మాకందరికీ చాలా సంతోషంగా ఉంది," అన్నాను. అనాలనుకున్నది ప్రమోషన్ గురించి. వచ్చింది ఇది. వరలక్ష్మి గారు చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. "థాంక్సండి" అన్నారు సత్యవతి గారు. ఏసీ చలికి ఆ శాలువా తియ్యలేదు. సన్మానంలో పనికొచ్చింది అదొక్కటే.

ముక్క నాలుగు ముద్దలు కాలేదు. అన్నం లేదు. ఆయన వచ్చి "ఇంకేమైనా కావాలా మేడమ్?" అన్నారు.

"వద్దండీ, చాలు," అన్నాం నలుగురం.

ఆయన వెళ్ళిపోయారు. మేం ఎదురుచూశాం. మళ్ళీ వచ్చి అడుగుతారు కదా, అప్పుడు బటర్ రైస్ చెబుదామని గ్రేసమ్మ గారు కార్డులో వేలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన వచ్చింది బిల్లుతో. కోరుకొండ మనిషికి మా వద్దుకి అర్థం తెలియకపోదు, ఆ టై కట్టుకున్నాక తెలియనట్టు ఉండాలేమో. "మొహమాటానికి పోతే కడుపైందని సామెత. మనకి కడుపు మాడింది," అన్నారు గ్రేసమ్మ గారు మెట్లు దిగుతూ.

లాడ్జికి వచ్చి మంచాల మీద కూలబడ్డాం. బజ్జీల బండి అప్పటికి సర్దేశారు. వరలక్ష్మి గారి భర్త ఫోన్ చేసి పెరుగు ఎక్కడుందో అడిగి, "ఏం తిన్నారేంటి?" అన్నారు. "బ్రహ్మాండమండి" అని ఆవిడ పెట్టేశారు. అప్పుడు సత్యవతి గారు సంచీలోంచి స్టీలు డబ్బా తీశారు. పులిహోర. ఎవరి గౌరవార్థం విందు చేశామో ఆ మనిషే ఎందుకైనా మంచిదని నలుగురికీ వండుకొచ్చారు.

కాగితాల మీద ఆవిడే వడ్డించారు. చాలండీ అని నేను చెయ్యి అడ్డం పెడితే, "చెయ్యి తియ్యండి వసుంధర గారూ, వద్దన్నవాళ్ళని వదిలేస్తే అది వడ్డనేంటండీ?" అని ఇంకో గరిటె వేశారు. ఆఖర్న ఆవిడ తనకి కాస్త పెట్టుకుని, "నాకింతే చాలు" అన్నారు. మేం నోటినిండా ముద్దలతో ఉన్నాం. ఎవరం ఏమీ అనలేదు.

ఆదివారం ఏడు గంటల రైలుకి తిరుగు ప్రయాణం. ఇడ్లీలు ప్లాట్‌ఫారం మీదే, చట్నీ బాగుంది. వంతెన దాటి కొవ్వూరులో ఒకావిడ ఎక్కి సత్యవతి గారి పక్కన ఇరుక్కున్నారు. శాలువా చూసి "సన్మానమాండీ?" అని అడిగారు. ప్రమోషన్ మీద ఏజెన్సీకి వెళ్తున్నారని వరలక్ష్మి గారు చెప్పారు.

"అయ్యో, అంత దూరమే," అని ఆవిడ మా వైపు తిరిగారు. "మీరెవరూ వద్దనలేదాండీ?"

అడిగి ఆవిడ నిడదవోలులో దిగిపోయారు. మాకు మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సత్యవతి గారు శాలువా అంచు మడతపెడుతూ కూర్చున్నారు. తణుకు వచ్చింది.

"వెళ్ళకండి సత్యవతి గారూ," అన్నారు గ్రేసమ్మ గారు ఉన్నట్టుండి. "అక్కడ మలేరియా అండి. మా ఆసుపత్రికి ఎన్ని కేసులొస్తాయో నాకు తెలుసు."

"రాసిచ్చేస్తే పోతుంది కదండీ," అని వరలక్ష్మి గారు అందుకున్నారు. "హెడ్మిస్ట్రెస్ అయితే జీతం ఎంత పెరుగుతుందేంటి, తలనొప్పులు తప్ప."

నేనూ వెళ్ళకండి అన్నాను. ముగ్గురం కలిసి చేతులు పట్టుకుని బతిమాలాం. వరలక్ష్మి గారు కళ్ళు తుడుచుకున్నారు. సత్యవతి గారు ఒక్కొక్కరికీ "లేదండి, తప్పదండి" అని చెబుతుంటే ఆవిడ మొహం విప్పారింది. నెల రోజుల్లో ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

"నాకూ వెళ్ళాలనే ఉందండి," అన్నారు చివరికి. "ఆ కుర్చీలో కూర్చోవాలని ఎప్పట్నుంచో కోరిక. కానీ చెప్పిన రోజే మీరంతా వెళ్ళండి వెళ్ళండి అనేశారు. పదేళ్ళు కలిసి తిరిగి, వద్దనిపించుకోకుండా ఎలా వెళ్తానండీ? ఇప్పుడు హాయిగా ఉంది."

అందరం నవ్వేశాం. అత్తిలి వచ్చింది, పోయింది. తప్పు దిద్దుకున్నామన్న తృప్తితో గ్రేసమ్మ గారు, వరలక్ష్మి గారు భీమవరం దాటకుండానే ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోయారు.

నాకు నిద్ర రాలేదు. వీరవాసరం దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని అన్నాను. "సత్యవతి గారూ, వెళ్ళకండి."

"అయిపోయింది కదండీ. చాలు, నా కడుపు నిండింది," అని నవ్వారావిడ.

"మర్యాదకి అనడం లేదండి. మీరు వెళ్తే నాకు మాట్లాడ్డానికి మనిషి లేదు. ఆ కాగితం రాసిచ్చెయ్యండి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు. పాలకొల్లులో కూరగాయల గంపలు ఎక్కాయి, ఎవరో సీటు కోసం పోట్లాడుకున్నారు. నరసాపురంలో మిగతా ఇద్దరూ ఆవలిస్తూ ముందు దిగారు. ప్లాట్‌ఫారం మీద సత్యవతి గారు ఆగి, వాళ్ళకి వినపడకుండా అన్నారు.

"వాళ్ళు అన్నారు, సంతోషం. మీరు అలా అనకూడదండి. ఇప్పుడెలా వెళ్ళను?"

కోపంగానే అన్నారు. సంచీ తీసుకుని ఆటో ఎక్కారు.

అయినా సోమవారం వెళ్ళి చేరారు. స్కూలు బాగుందట, పిల్లలు మంచివాళ్ళట, కొండగాలి పడిందట. ఇవన్నీ నాకు రైల్లో గ్రేసమ్మ గారు, వరలక్ష్మి గారు చెబుతుంటారు, వాళ్ళకి రోజూ ఫోన్ చేస్తారు కాబట్టి. రాజమండ్రి స్టేక్ హౌస్ ఎలా ఉందని అడిగినవాళ్ళకి మేం ముగ్గురం బ్రహ్మాండం, తప్పకుండా వెళ్ళండి అనే చెబుతున్నాం. నాకు మాత్రం సత్యవతి గారు ఇంతవరకూ ఫోన్ చెయ్యలేదు. చేస్తే మళ్ళీ అదే మాట అంటానని ఆవిడకి తెలుసు.