దీపానికి వేరే తీగ

మా కారుకు వైరింగ్ పని చేసే కాక చనిపోయారన్న సంగతి నాకు గురువారం పొద్దున తెలిసింది. మా ఆయనను ఆస్పత్రికి తీసుకుపోతూ, మేడ్చల్‌లో కాక కొట్టు పక్కన టైర్లలో గాలి పట్టించడానికి ఆగాను. కొట్టు షట్టరు దించి ఉంది.

"కాక ఇంకా రాలేదా?" అని పంక్చర్లు వేసే ఆయనను అడిగాను.

"నీకు ఎరుక లేదా అక్కా? మొన్న మంగళారం పాయె గద. షామీర్‌పేటల బిడ్డ ఇంటికి పోయిండు. తిని పండుకున్నడట, తెల్లారి లేవలె."

నాకు ముందుగా ఏడుపు రాలేదు. భయమేసింది. ఇక ఈ బండి దారిలో ఆగితే నేనెవరి దగ్గరికి పోవాలి అనిపించింది. మనిషి పోయాడంటే ముందు నా అవసరమే గుర్తొచ్చినందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

కాక నాకు చుట్టం కాదు. కార్ల కరెంటు పని చేసేవారు. బక్కపలచని మనిషి. చొక్కా జేబులో చేతిరుమాలులో చుట్టిన పాత హెడ్‌లైటు బల్బు ఒకటి ఎప్పుడూ ఉండేది, దానికి రెండు తీగలు వేలాడుతూ. ఎవరి కారు ఎక్కినా చెప్పులు బయట విడిచేవారు. ఎందుకని అడిగితే, "ప్రతి బండిల ఎవలో ఒక దేవుడు కూసోని ఉంటడు బిడ్డా" అనేవారు.

మా ఆయనకు కిడ్నీలు చెడిపోయి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, సికింద్రాబాద్‌లో డయాలిసిస్ చేయించాలి. ఆటో కుదుపులకు ఆయన తట్టుకోలేకపోయేవారు. అందుకని రెండువేల ఆరులో ఒక పాత కారు కొన్నాం. కనీసం స్కూటరు కూడా నడపని నేను నలభై ఏడో ఏట స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాను. కొన్న వారమే డాష్‌బోర్డు మీద లక్ష్మీనరసింహస్వామి విగ్రహం పెట్టించాను. సీటు కవర్ల షాపాయన స్వామి ముందు చిన్న ఎర్ర బల్బు కూడా బిగించాడు. తాళం తిప్పితే వెలిగేది. దానికి దండం పెట్టుకునే గేరు వేసేదాన్ని.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్నాం. కొంపల్లి దాటాక, నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. డాష్‌బోర్డు మీది గుర్తులన్నీ ఆరిపోయాయి. స్టీరింగు బరువెక్కింది. అద్దంలో వెనక వస్తున్న లారీ ముఖం తప్ప నాకింకేమీ కనబడలేదు. ఎట్లా దొర్లించానో, బండి రోడ్డు పక్కకు చేరింది.

వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉన్న మా ఆయన, "ఏందే, ఆగిందా?" అన్నారు.

"ట్రాఫిక్" అన్నాను.

ఐదు నిమిషాలకు తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నెల తిరిగేలోపు అట్లా నాలుగుసార్లు ఆగింది. షోరూములో కంప్యూటరు తగిలించి ఏ తప్పూ లేదన్నారు. బ్యాటరీ మార్చారు. ఒక మెకానిక్ అయితే, "మీకే క్లచ్ తొక్కుడు వస్తలేదమ్మా" అన్నాడు. ఆదివారం సాయంత్రం అవుతోందంటేనే భయం పట్టుకునేది. ఏ లారీ కిందనో ఆయనను నా చేతులతో నేనే పెడతానేమోనని.

ఎవరో చెబితే కాక దగ్గరికి పోయాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు.

"జరమున్నప్పుడు రావాలె గద డాక్టరు కాడికి. ఇప్పుడు మంచిగున్నది, ఏం జూడాలె?" అన్నారు. నా ముఖం చూసి స్టూలు ముందుకు జరిపారు. "ఒక నోట్‌బుక్కు పెట్టుకో బిడ్డా. ఆగినప్పుడల్లా రాయి. ఎండనా, వాననా. గుంతల్నా, సాఫు రోడ్డు మీదనా. గా భయంల ఏమేం జూసినవో అన్నీ రాయి. భయపడ్డోళ్ల కండ్లకు మస్తు కనబడ్తది."

పదిహేను రోజులు రాశాను. బండి మరో రెండుసార్లు ఆగింది. అన్నీ మధ్యాహ్నాలే, పొద్దున పోయేటప్పుడు ఎప్పుడూ కాదు. చాలావరకు గుంతలున్న చోటే. అన్నీ రాశాను, ఒక్కటి తప్ప.

కాక నోట్‌బుక్కు మొత్తం చదివి, మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక కారెక్కి నా పక్కన కూర్చున్నారు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా నన్నే నడపమన్నారు. ఎక్కడ గుంత కనబడితే అక్కడికి పోనియ్యమన్నారు. బండి ఆగలేదు.

"నేనుంటె బుద్ధిగున్నది, అత్తగారింట్ల కొత్త కోడలు లెక్క" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. షామీర్‌పేటలో రోడ్డు పక్కన ఆపించి, "ఇంకేమన్న జూసినవా బిడ్డా? రాయనిది?" అని అడిగారు.

అప్పుడు చెప్పాను. మా ఆయన జబ్బు పడ్డ కొత్తలో, స్వామి వెలసిన గుట్టకు కాలినడకన వస్తానని మొక్కుకున్నాను. ఆయనను ఒంటరిగా వదిలి పోలేక ఆ మొక్కు అట్లాగే ఉండిపోయింది. బండి ఆగే ముందు ప్రతిసారీ స్వామి ముందు బల్బు రెండుసార్లు కొట్టుకునేది. అది స్వామి కోపమని నాకు తెలుసు. అది కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయం.

కాక ముందుకు వంగి ఆ బల్బును చూశారు. "ముందే కొట్టుకున్నదా? ఆగినంక గాదు గద?"

"ముందే కాకా."

"మరి ఎందుకు రాయలె?"

"స్వామికీ నాకూ మధ్య సంగతి కదా."

"నెల దినాల సంది స్వామి, బండిల తప్పు యాడున్నదో నీకు జూపెడుతుండు, నువ్వు దాస్తున్నవ్" అన్నారు.

స్వామికి దండం పెట్టి, డాష్‌బోర్డు కిందికి చేయి పోనిచ్చి, ఆ బల్బు తీగ పట్టుకుని వేళ్లతో తడుముతూ పోయారు. ఒకచోట ఆగారు. టేపు ఒలిచి ముందు కరెంటు కొలిచే మీటరు పెట్టారు. పూర్తిగా పన్నెండు వోల్టులు చూపించింది. తర్వాత జేబులోని హెడ్‌లైటు బల్బు అదే తీగకు కలిపారు. అది సగమే వెలిగింది. తీగను కాస్త కదిపితే ఎర్రబడి ఆరింది.

"మీటరు, ఉన్నవా అని అడుగుతది బిడ్డా. బల్బు, మోస్తవా అని అడుగుతది. ఉండుడు వేరే, మోసుడు వేరే."

షాపాయన స్వామి బల్బుకు కరెంటు కోసం, ఇంజను కంప్యూటరుకూ డాష్‌బోర్డు గుర్తులకూ పోయే తీగనే బ్లేడుతో గీకి, దానికే చుట్టేశాడు. లోపలి రాగి పోగులు చాలావరకు తెగిపోయాయి. రెండో మూడో మిగిలాయి. ఎండకు ప్లాస్టిక్ సాగి తీగను గుంజినప్పుడు, గుంతలో కుదిపినప్పుడు అవీ విడిపోయేవి. కాసేపటికి మళ్లీ ఆనుకునేవి.

ఆ పోగులు చూస్తూ, నేను పెట్టించిన దీపమే మా ఆయన ప్రాణం మీదికి తెచ్చిందన్నాను.

"భక్తి నీది. బ్లేడు వానిది" అన్నారు కాక.

బల్బు మొత్తానికే తీసేయమన్నాను. వినలేదు. "తీసేస్తె ఇగ దేనికి భయపడాల్నో తెల్వక అన్నిటికి భయపడ్తవ్." తెగిన తీగను కత్తిరించి కొత్త ముక్క అతికారు. స్వామి బల్బుకు వేరే తీగ లాగి, దానికి చిన్న ఫ్యూజు ఒకటి వేరుగా పెట్టారు. "ఇగ దీపం ఆరినా బండి ఆగది. యాదిపెట్టుకో."

బండి మళ్లీ ఆగలేదు. భయం మాత్రం పోలేదని ఒకసారి చెప్పుకుంటే, "పూర పోవద్దు. సగం ఉంచుకో, బండి మెల్లగ నడుపుతవ్" అన్నారు. ఈ మూడేళ్లలో ఏ పనీ లేకుండానే ఎన్నిసార్లు ఆ కొట్టు ముందు ఆపానో. చిన్న చప్పుడైనా పోయేదాన్ని. విసుక్కునేవారు కాదు. చెప్పులు విడిచి ఎక్కి, ఆ తీగను ఒకసారి లాగి చూసి, "మోస్తాంది బిడ్డా, పో" అనేవారు. దిగి వెనక కిటికీలో నుంచి మా ఆయన చేయి పట్టుకుని కాసేపు నిలబడేవారు. ఆయనకు ఎట్లా ఉందని నన్ను ఎన్నడూ అడగలేదు. ఆ చేయి పట్టుకోవడంలోనే తెలుసుకునేవారనుకుంటాను.

గురువారం ఆస్పత్రి నుంచి తిరిగి వస్తుంటే ఎండ మండిపోతోంది. కాక సంగతి మా ఆయనకు పొద్దున్నే చెప్పాను. ఆయన వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకున్నారు. కొంపల్లి దాటాక ఒక గుంతలో బండి కుదిపింది. స్వామి ముందు బల్బు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

అద్దంలో లారీ ఉంది. ఇంజను ఆగే ఆ క్షణం కోసం ఎదురుచూశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. ఇంజను చప్పుడు అట్లాగే ఉంది.

"ఏందే, ఆగిందా?" అన్నారు మా ఆయన వెనక నుంచి.

"లేదు" అన్నాను.

మేడ్చల్ దాకా స్వామి ముందు బల్బు వెలగలేదు. దించి ఉన్న ఆ షట్టరు పక్క నుంచి మా బండి ఆగకుండా పోయింది.