మజ్జిగపులుసు గిన్నె

ఈ పరాయి దేశంలో మా అమ్మాయి వాళ్లుండే ప్లెయిన్స్‌బరోలో, మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఒక ఆస్ట్రేలియా ఆవిడ ఉండేది. హత్యల నవలలు రాస్తుంది. ఆవిడ పుస్తకాల్లో చంపినవాడెవడో మొదట్లోనే తెలిసిపోతుందట. చూసి కూడా ఊరుకున్నవాళ్ల గురించే మిగతాదంతానట. మా మనవరాలు చెప్పింది.

ఎవరింటికైనా ఉత్త చేతులతో వెళ్లడం నాకు చేతకాదు. మజ్జిగపులుసు కాచి, గిన్నెను రెండు చేతులా పట్టుకుని వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లాను. తలుపు కొడదామంటే చెయ్యి ఖాళీ లేదు. పిలుద్దామంటే ఇంగ్లీషు రాదు. మనవరాలు వచ్చి బెల్ నొక్కేదాకా అలాగే నిలబడ్డాను. తలుపుకున్న అద్దం కంతలోంచి ఆవిడ అంతసేపూ నన్ను చూస్తూనే ఉందట! తర్వాత చెప్పి ఒకటే నవ్వు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కథలు చెప్పేదాన్ని. మనవరాలు వాటిని ఇంగ్లీషు చేసేది. ఒకరోజు మా ఊళ్లో పక్కింటామె సంగతి చెప్పాను. మొగుడు కొట్టేవాడు. ఆ మధ్యాహ్నం కేకలు విని, ఏదో ఒక వంక ఉండాలని మజ్జిగపులుసు గిన్నె పట్టుకుని వెళ్లాను. తలుపు ఎంత కొట్టినా తీయలేదు. సాయంత్రానికి ఆమె పోయిందన్నారు. ముప్పై ఏళ్లుగా ఇలాగే చెబుతూ వచ్చాను.

ఆవిడ ఏదో అడిగింది. మనవరాలు కిసుక్కుమంది.

"అమ్మమ్మా, గిన్నె టూ హ్యాండ్స్‌తో పట్టుకున్నావ్ కదా, మరి ఎలా నాక్ చేశావ్ అంటోంది."

"మోచేత్తో కొట్టానని చెప్పవే! పోలీసు ప్రశ్నలూ ఈవిడా."

ఆవిడ నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

తర్వాత వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఏడాదికి ఆవిడ కొత్త నవల పోస్టులో వచ్చింది. మనవరాలు చదువుతూ చదువుతూ గబుక్కున లేచి కూర్చుంది.

"అమ్మమ్మా, ఇందులో ఒక లేడీ సూప్ తీసుకుని నైబర్ ఇంటికి వెళ్తుంది. లోపల అరుపులు ఆగిపోతాయి. తను నాక్ చెయ్యదు, ఇంటికి వచ్చేస్తుంది. ఇది లై కదా? నువ్వు నాక్ చేశావ్ కదా?"

నేను కొట్టలేదు. వాడు తలుపు తీస్తే ఏమనాలో అని భయమేసింది. కేకలు ఆగాయి కదా, సర్దుకున్నారులే అనుకున్నాను. తిరిగొచ్చి ఆ పులుసే మా వాళ్లకు వడ్డించాను.

ఆ పక్కింటామె కూతురు అప్పుడు బడిలో ఉంది. ఇప్పుడు ఈ దేశంలోనే, అరోరాలో కాపురం. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. "మా అమ్మకోసం తలుపు కొట్టింది నువ్వొక్కదానివే, పెద్దమ్మా" అని ఎన్నిసార్లు అనుంటుందో. మా చుట్టరికమంతా ఆ మాట మీదే నిలబడింది.

ఆ ఆదివారం తను "తిన్నావా పెద్దమ్మా?" అనగానే చెప్పేశాను.

"నేను తలుపు కొట్టలేదమ్మా. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఫోన్ మానేస్తావని."

"పొయ్యి మీద కూర ఉంది పెద్దమ్మా, ఉంటాను."

పెద్దమ్మా అనే అంది. ఆ ఒక్క పిలుపు పట్టుకుని నాలుగు ఆదివారాలుగా ఫోన్ పక్కనే కూర్చుంటున్నాను. నువ్వే కాల్ చెయ్ అంటుంది మనవరాలు. ఇప్పుడు నా చేతుల్లో గిన్నె కూడా లేదు. అయినా నొక్కలేకపోతున్నాను.